చల్లిన యూరియా మురుగు కాలువ పాలు కాకుండా: డెల్టా వరిచేలో ఏ పద్ధతి ఎవరికి

నేల కోత, ఎరువు కొట్టుకుపోవడం గురించి వచ్చే సలహాలు చాలా మటుకు వాలు భూముల కోసం రాసినవి. కాంటూరు గట్లు, రాతి కట్టలు, వాలుకు అడ్డంగా దున్నడం లాంటివి. వాటిని తెచ్చి గోదావరి డెల్టాలో, ధవళేశ్వరం ఆనకట్ట దిగువన అమలు చేద్దామంటే కుదరదు. ఇక్కడ నీరు పరుగెత్తదు, నిలబడుతుంది. నిలబడ్డ నీటిని మనమే మడవ (గట్టులో నీటికి విడిచిన దారి) తెగ్గొట్టి మురుగు బోదెలోకి (చిన్న కాలువలోకి) వదులుతాం. 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి నీళ్లు తెచ్చుకోవడం మీద పెట్టిన బుర్ర, వదిలేటప్పుడు ఏం పోతోందన్న దాని మీద మనం పెట్టలేదు. కాబట్టి ఏ పద్ధతి మేలని అడిగే ముందు, మన చేలో మడవ ఏ రోజు తెగుతోందో చూసుకోవాలి. ఖర్చు లెక్క తర్వాత.

ఎరువు చేను దాటిపోయే సందర్భాలు ముఖ్యంగా మూడు. దమ్ము చేసిన (నీళ్లు పెట్టి బురదగా దున్నిన) వెంటనే బురద నీళ్లు తీసేసినప్పుడు. యూరియా చల్లిన మొదటి వారంలో వాన పడో, కలుపు మందు కోసమో నీరు బయటికి పోయినప్పుడు. చేను బాగా ఆరి మళ్లీ తడిసినప్పుడు (ఇది కాలువలోకి కాదు, గాలిలోకి పోతుంది, అయినా నష్టం నష్టమే). మిగతా రోజుల్లో చేలోంచి పోయే నీళ్లలో పెద్దగా ఏమీ ఉండదు.

ఎందుకంటే యూరియా నీళ్లలో కరిగిన తొలి రెండు మూడు రోజులు మట్టికి అంటుకోదు, నీటితో పాటు ఎటు పోతే అటు పోతుంది. అది అమ్మోనియంగా మారాక మన నల్లమట్టి పట్టుకుంటుంది. భాస్వరం తీరు వేరు. అది ఎక్కువగా మట్టి రేణువుకే అతుక్కుని ఉంటుంది, చాలా మటుకు మట్టితోనే పోతుంది. అందుకే యూరియా నష్టానికి విరుగుడు తేదీలో, భాస్వరం ఉండే డీఏపీ నష్టానికి విరుగుడు బురద నీళ్లలో ఉన్నాయి.

మీ చేలోంచి పోతోందా లేదా అన్నది పరీక్షలేమీ లేకుండానే తెలుస్తుంది. చేనులోంచి చేనుకు నీరు పారే చోట, మీ మడవ పడే కింది చేలోకి వెళ్లి చూడండి. మడవ మూతి దగ్గర విసనకర్రలా పరుచుకుని, నాలుగైదు గజాల మేర వరి మిగతా చేనుకంటే ముదురు పచ్చగా, ఏపుగా ఉంటే ఆ పచ్చదనం మీ సంచిలోదే. పైగా కింది రైతుకు అది లాభం కూడా కాదు. గాలివాన వస్తే ముందు పడిపోయేది ఆ దుబ్బులే, వరి రసం పీల్చే దోమ చేరేదీ అక్కడే.

దమ్ము నీళ్లు: నాట్లకూ వెదకూ తేడా

మొదట ఇది ఎందుకు చెబుతున్నానంటే, పైసా ఖర్చు లేకుండా ఎక్కువ మిగిలేది ఇక్కడే. కేజ్ వీల్స్‌తో ఆఖరి దమ్ము తొక్కించి, చదును చెక్క లాగించి, అదే పూట మడవ తీసేసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. ఆ నీళ్లు ఓ లీటరు సీసాలో పట్టి, పక్కన పెట్టి మర్నాడు చూడండి. అడుగున మెత్తటి మట్టి పొర కడుతుంది. చేలో అన్నిటికంటే సారవంతమైన మట్టి, ఎరువును పట్టి ఉంచేది ఆ నున్నటి మట్టే. ఆఖరి దుక్కిలో డీఏపీ చల్లి ఉంటే అదీ అందులోనే ఉంది. 1,350 రూపాయల బస్తా.

ఊడ్పులు ఊడ్చేవారికి (నారు నాటేవారికి) దీనికి విరుగుడు తేలిక. దమ్ము అయ్యాక ఒకటి రెండు రోజులు నీళ్లు తేటపడనిచ్చి, అప్పటికీ ఎక్కువైతే పైనుంచి తేటనీరు మాత్రం తీయండి. నారు పలచటి నీళ్లలోనూ నిలబడుతుంది కాబట్టి పూర్తిగా తీయాల్సిన పనే ఉండదు. అసలు దమ్ముకే నీళ్లు తక్కువ పెడితే తీసే గొడవే తగ్గుతుంది. అరక దిగడానికి కావలసినంత చాలు.

చిక్కంతా నారు నాటకుండా నేరుగా విత్తే వెద పద్ధతిలో. కూలీల కరువుతో దాళ్వాలో (రబీ వరిలో) మొలక విత్తనం చల్లేవారు, డ్రమ్ సీడర్ లాగేవారు పెరిగారు. ఆ పద్ధతికి నీళ్లు తీయక తప్పదు, లేకపోతే మొలక మురిగిపోతుంది. ఆ తర్వాత కూడా తొలి రోజుల్లో నీరు పెట్టడం తీయడం సాగుతూనే ఉంటుంది. కాబట్టి కూలీ ఖర్చు చూస్తే వెద మేలు, ఎరువు నిలవడం చూస్తే ఊడ్పు మేలు. రెండూ కావాలంటే వెద చేసేవారు ఒక మెట్టు దిగాలి: దమ్ములో నత్రజని వేయకుండా మొదటి కోటా (విడత) యూరియాను మొక్క వేరు పట్టి, చేలో నీరు నిలకడగా నిలిచాకే వేయడం. డీఏపీ మాత్రం ఆఖరి దమ్ముకు ముందే వేసి మట్టిలో కలిసిపోయేలా తొక్కించాలి, తొక్కాక పైన చల్లకూడదు. విత్తనం చల్లడం ఒక రోజు ఆలస్యమైనా సరే, నీరు తేటపడ్డాకే తీయాలి.

గట్టు పెంచాలా, నీరు తగ్గించాలా

సార్వాలో (ఖరీఫ్ వరిలో) అసలు పరీక్ష ఇదే. వాన నీటిని చేలోనే ఆపాలంటే రెండు దారులు: గట్టు ఎత్తు పెంచడం, లేదా లోపల నీటిని తక్కువగా ఉంచి వానకు చోటివ్వడం.

లెక్క వేసి చూద్దాం. ఎకరంలో ఒక సెంటీమీటరు ఎత్తు నీరంటే సుమారు 40 వేల లీటర్లు. నీటి మట్టానికీ గట్టు అంచుకూ మధ్య 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే నాలుగు లక్షల లీటర్ల వాన చేలోనే ఉండిపోతుంది. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షమంటుంది, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ అంటుంది. అంటే జాన కన్నా తక్కువ ఖాళీ కూడా భారీ వర్షాన్ని చాలా వరకు మింగగలదు. అతి భారీ వర్షాన్ని మింగలేదు, మింగించాలని చూడకూడదు కూడా. నీరు గట్టెక్కితే గట్టే తెగుతుంది, తెగిన చోట మట్టీ ఎరువూ కలిసి పోతాయి. అందుకే గట్టు పెంచేవారు ఒకచోట కావాలనే రెండంగుళాలు తక్కువ ఉంచి, అక్కడ ఇసుక బస్తాలో, ఒక తూము గొట్టమో పెట్టాలి. ఎక్కువైన నీరు అక్కడి నుంచి పైపైన పోతుంది, అడుగు నీరు కదలదు.

గట్టుకు కూలీలు కావాలి. చెక్కడం, బురద మెత్తడం, ఎలుక బొరియలు పీత బొరియలు పూడ్చడం ఏటా ఉండే పనే. ఒక్క పీత బొరియ రాత్రంతా కారిందంటే మీరు కట్టిన మడవకు అర్థం లేదు. తెల్లారి గట్టు బయటి వైపు నడిస్తే తెలిసిపోతుంది, కాలికి తడి తగిలిన చోటే బొరియ.

నీటి మట్టం తగ్గించడానికి కూలీ అక్కర్లేదు, కావలసింది నమ్మకం. నాటిన రెండు వారాల తర్వాత సార్వాలో రెండు మూడు సెంటీమీటర్ల నీరు చాలు, వాన ఎలాగూ నింపుతుంది. కానీ బోదె నిండుగా పారుతుంటే మడవ కట్టేయడానికి మన చేతులు రావు. రేపు నీరు రాదేమోనని ఇవాళే నిండా పెట్టుకుంటాం, రాత్రి వాన పడుతుంది, పొద్దున్నే తెగ్గొట్టి వదిలేస్తాం. కాలువ నీరూ పోయింది, వాన నీరూ పోయింది, వాటితో కరిగినదీ పోయింది.

నన్నడిగితే, ఏటా కౌలు మారే రైతు నీటి మట్టం తగ్గించే దారి పట్టాలి, గట్టు మీద పెట్టిన ఖర్చు వచ్చే ఏడు ఎవరికి దక్కుతుందో తెలియదు కాబట్టి. సొంత భూమి ఉండి, మెరక చేనైతే గట్టు పెంచడం గిట్టుబాటే.

పల్లపు చేల కథ వేరు. మురుగు కాలువ పొంగి నీరు ఎదురు తన్నే చోట గట్టు పని లోపలి నీటిని ఆపడం కాదు, బయటి నీటిని రానివ్వకపోవడం. అక్కడ చుట్టూ ఉన్న పెద్ద గట్టు గట్టిగా ఉండాలి, లోపలి గట్లు ఎలా ఉన్నా నడుస్తుంది. పల్లంలో సార్వాకు చల్లే యూరియాయే తగ్గించాలి. ముంపులో ఉన్న చేనుకు వేసిన ఎరువు వరికి అందదు. నీరు దిగి, కొత్త ఆకు కనిపించాక వేసేదే పనికొస్తుంది.

యూరియా: నిలవ నీళ్లలోనా, బురద పదునులోనా, లోతులోనా

45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. ఎకరం చేలో అయిదు సెంటీమీటర్ల నీరు, రెండు లక్షల లీటర్లు. చల్లిన రోజు ఆ నత్రజనంతా నీళ్లలోనే ఉందనుకుంటే, ఒక్క సెంటీమీటరు నీరు పొర్లినా అయిదో వంతు, నాలుగు కిలోలు పోయినట్టే. నిజానికి కొంత అప్పటికే మట్టిలోకి దిగుతుంది కాబట్టి అంత ఉండదు. వారం తర్వాత అదే సెంటీమీటరు పొర్లితే పోయేది లెక్కలోకి రాదు. వారం రోజుల పాటు మడవ కట్టి ఉంచడం అన్న ఒక్క పనికి ఉన్న విలువ ఇదీ.

నిలవ నీళ్లలో చల్లడం మనందరికీ తేలికైన పద్ధతి. మడవ కట్టి ఉంచినా ఇందులో వేరే నష్టం ఉంది. మధ్యాహ్నం ఎండకు నీళ్లలో పాచి పెరిగే కొద్దీ నీటి క్షారగుణం పెరిగి, నత్రజని అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుంది. మొక్క ఇంకా చిన్నదిగా ఉండి నీటి మీద నీడ లేని రోజుల్లో ఇది మరీ ఎక్కువ.

బురద పదునులో చల్లడం దీనికంటే మేలు. నీరు లేకుండా బురద మాత్రం ఉన్నప్పుడు చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీరు పెట్టాలన్నది వ్యవసాయ శాఖ ఎప్పటి నుంచో చెబుతున్న మాటే. దాన్ని అమలు చేసే తీరులోనే తిరకాసు. పదును కోసం నీళ్లు తీసేయాలని మనం మడవ తెగ్గొడతాం. అంతకు ముందు వేసిన కోటాలో మిగిలిందేదో దాంతో పోతుంది. తీసేయకండి, ఇంకనివ్వండి. చల్లాలనుకున్న తేదీకి నాలుగైదు రోజుల ముందే బోదె మడవ కట్టేస్తే, ఎండకూ మొక్క తాగడానికీ కలిపి రోజుకు సుమారు అర సెంటీమీటరు దానంతట అదే తగ్గుతుంది. కలుపు మందు కోసం నీరు తీయాల్సి వస్తే ఆ పని ముందు, యూరియా ఆ తర్వాత. తారుమారైతే మందుతో పాటు యూరియాకూ దారి ఇచ్చినట్టవుతుంది.

యాభై కిలోల యూరియాకు పది కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లడం పాత పద్ధతి. 2015 నుంచి మనకొచ్చే యూరియాకు వేపనూనె పూత ఎలాగూ ఉంటోంది కాబట్టి ఇప్పుడు దాని కోసం ప్రత్యేకంగా శ్రమ పడక్కర్లేదు. అయితే ఆ పూత నీళ్లలో కొట్టుకుపోవడాన్ని ఆపదు. అది ఆలస్యం చేసేది నేలలో తర్వాత జరిగే మార్పుని. వేపపూత ఉంది కదా అని వాన ముందు చల్లేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

యూరియా గుళికలను నాలుగు దుబ్బుల మధ్య ఏడు నుంచి పది సెంటీమీటర్ల లోతులో పెట్టడం బంగ్లాదేశ్‌లో బాగా నడిచిన పద్ధతి. నష్టం తగ్గించడంలో మిగతావన్నీ దీని తర్వాతే. కానీ వరసల్లో నాటిన చేను ఉండాలి, గుళికలు దొరకాలి, వంగి పెట్టే మనుషులుండాలి. మన దగ్గర ఈ మూడూ ఒకేసారి కుదరడం కష్టం. వెద చేలకు, ఇసుక నేలలకు అసలే వద్దు.

ఆకుపచ్చ పట్టిక (లీఫ్ కలర్ చార్ట్) సంగతి ఎక్కువమంది వదిలేస్తున్నారు. నాలుగైదు రంగుల ప్లాస్టిక్ పట్టీ, అంతే. నాటిన రెండు మూడు వారాల నుంచి పూత దాకా, వారం పది రోజులకోసారి, పొద్దున పూట, మీ నీడలో, పది దుబ్బుల్లో పైన పూర్తిగా విచ్చుకున్న ఆకును పట్టీతో పోల్చడమే. ఎక్కువ దుబ్బుల్లో రంగు, రకాన్ని బట్టి చెప్పిన అంకె కంటే తగ్గితే యూరియా వేయాలి, లేకపోతే ఆగాలి. దీని మేలు ఒక కోటా ఆపడంలో ఉంది. వేయని యూరియాను ఏ వానా ఎత్తుకుపోలేదు. పక్క చేను నల్లగా ఉందని మనమూ ఓ అరబస్తా విసిరే జబ్బుకు ఇంతకంటే చవకైన మందు లేదు.

వాన సూచన గురించి ఒక్క మాట. మూడు రోజుల్లో భారీ వర్షమంటే పిలక దశ కోటాను ఆపేయండి. నాలుగు రోజులు ఆలస్యమైతే వరికి వచ్చే లోటు స్వల్పం. చిరుపొట్ట దశలో (లోపల కంకి మొదలయ్యేటప్పుడు) అంత వెసులుబాటు లేదు. అప్పుడు సగం వెంటనే, సగం వాన వెలిశాక వేయడం నయం. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మన ప్రాణం గుప్పిట్లోకి వచ్చే రోజులకు, సార్వా చేనుకు యూరియా పని ఎలాగూ అయిపోయి ఉండాలి.

దాళ్వాకు: నిలవ నీరా, ఆరుతడా

దాళ్వాలో వాన తక్కువ, నీరు వంతుల మీద వస్తుంది, కొన్నేళ్లు ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురు చూస్తాం. ఇక్కడ వాన వల్ల ఎరువు పోవడం అరుదు, శివారు రైతుకు నీరందకపోవడమే పెద్ద బాధ. కాబట్టి ఆరుతడి పద్ధతి (చేను ఆరాక మళ్లీ తడి ఇవ్వడం) ఈ పంటకు సరిపోతుంది. 30 సెంటీమీటర్ల గొట్టానికి కింది సగంలో చిల్లులు పెట్టి, ఆ సగం నేలలోకి దించి లోపలి మట్టి తీసేయాలి. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇవ్వాలి. నాటిన రెండు మూడు వారాల తర్వాత మొదలుపెట్టి, పూత ముందు వారం నుంచి పూత తర్వాత వారం దాకా మానేసి నిలవ నీరు ఉంచాలి.

దీనికీ ఒక మెలిక ఉంది. ఆరిన నేలలో నత్రజని నైట్రేటుగా మారుతుంది, మళ్లీ నీరు పెట్టగానే వాయువై పోతుంది. కాబట్టి యూరియా వేసి ఆరబెట్టకూడదు, ఆరాక తడి ఇవ్వబోయే ముందు వేసి నీరు పెట్టాలి. అప్పుడు అది నీటితో పాటు వేరు దగ్గరికి దిగుతుంది. కలుపు కూడా నిలవ నీటి కంటే ఎక్కువే వస్తుంది, ముందే లెక్క వేసుకోండి. బోదెలో వంతు ఎనిమిది రోజులకోసారి వస్తే గొట్టం చెప్పేది వినే వీలు ఉండదు. బోరు నీరు అదనంగా ఉన్నవారికే ఇది హాయిగా నడుస్తుంది.

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మొగల్తూరు వైపు సముద్రం దగ్గరి చేలకు ఆరుతడి చెప్పను. నేల ఆరితే ఉప్పు పైకి వస్తుంది. అక్కడ మంచినీటితో చవుడు కడిగి వదలక తప్పదు. కడిగే పని ఎరువు వేయకముందే ముగించుకోవడమొక్కటే చేయగలిగింది.

మిగతావి క్లుప్తంగా

లేజర్ సాయంతో చేను చదును చేసే లేజర్ లెవలర్ మంచిదే. చదునైన చేలో నీరు పలచగా పెట్టొచ్చు, మెరక మునిగే దాకా పల్లం నింపాల్సిన పని ఉండదు. కానీ ఒక్క యూరియా ఆదా కోసం చేయిస్తే గిట్టదు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే పావు బస్తా పోయినా డెబ్భై రూపాయలు కూడా కాదు. నీరు, కలుపు, కోత మిషను సౌకర్యం అన్నీ కలిపితేనే లెక్క సరిపోతుంది. సొంత భూమి వారికే, అదీ వేసవిలో.

చేను చివర గుంట తవ్వి మురుగు నీటిని నిలిపి వదలడం పుస్తకాల్లో బాగుంటుంది. ఎకరం, ఎకరంన్నర కమతంలో పది సెంట్లు గుంటకు ఎవరిస్తారు? కొబ్బరి తోటలో పాత గుంట ఉన్నవారు మాత్రం చేని నీళ్లు ముందు దాంట్లోకి మళ్లించుకోవచ్చు.

పచ్చిరొట్టకు జీలుగ పేరు అందరికీ తెలుసు. ఏప్రిల్లో కాలువ కట్టేశాక మే వానల మీద ఆధారపడాలి, అదే ఇబ్బంది. దాళ్వా వేయని చేలల్లో సార్వా కోతకు ముందు మినుమో పిల్లిపెసరో చల్లుకోవడం అంతకంటే నమ్మకమైన దారి. సార్వా వదిలిన తేమనూ, మిగిలిన సారాన్నీ అవి వాడుకుంటాయి, నేల బోడిగా ఉండదు. డబ్బు కావాలంటే మినుము, పశువులకు మేత, నేలకు బలం కావాలంటే పిల్లిపెసర.

లంకల్లో, ఏటి ఒడ్డు ఇసుక నేలల్లో పొర్లిపోవడం కంటే కిందికి ఇంకిపోవడమే ఎక్కువ. అక్కడ గట్లతో పని లేదు. యూరియాను ఎక్కువ కోటాలుగా చేయడం, పొటాష్‌ను సగం దమ్ములో, సగం చిరుపొట్టలో వేయడం, పశువుల ఎరువు తోలడం, ఇవే మందు.

ఒక్క రైతుతో అయ్యేది కాదు

డబ్బు లెక్కలో యూరియా నష్టం చిన్నదైతే ఇంత గోల ఎందుకని అడగొచ్చు. మురుగు కాలువకు వెళ్లి చూడండి. యనమదుర్రు కావచ్చు, కౌశిక కావచ్చు, మీ ఊరి చిన్న డ్రెయిన్ కావచ్చు. గుర్రపుడెక్క ఒత్తుగా అల్లుకుని ఉంటుంది. దాన్ని మేపుతున్నవాటిలో మన చేల నుంచి వెళ్లిన నత్రజని, భాస్వరం ఉన్నాయి. ఊళ్ల మురుగు, చెరువుల నీరు కూడా ఉన్నాయనుకోండి. అది అల్లుకుని డ్రెయిన్ ఆగిపోతే అక్టోబరు వానకు నీరు దిగక, పల్లపు చేలే ముందు మునుగుతాయి. పైవాడు వదిలిన బస్తా కిందివాడి చేనును ముంచడానికి సాయం చేస్తోంది.

అందుకని చేనులోంచి చేనుకు నీరు పారే చోట పై రైతూ కింది రైతూ యూరియా తేదీలు చెప్పుకోవాలి. పై చేలో ఇవాళ చల్లితే కింది చేను వారం రోజులు ఆ మడవ నుంచి నీరు అడగకూడదు. కింది చేనుకు నీరు తప్పదంటే పై రైతు చల్లకముందే ఇచ్చేయాలి. వాట్సాప్ గ్రూపుల్లో ఇన్ని పెడుతున్నాం, "రేపు యూరియా చల్లుతున్నా, వచ్చే మంగళవారం దాకా మడవ తీయకండి" అని ఓ ముక్క పెట్టడానికి ఖర్చేమీ లేదు. ఒక బోదె కింద ఉన్న పది పన్నెండు మంది ఒకే వారంలో చల్లుకోగలిగితే, ఆ వారం బోదె మొత్తానికే మడవలు కట్టేయొచ్చు. కౌలుదారులు మారిన చోట ఈ మాట ఊడ్పులకు ముందే అనుకోవాలి.